గరిట పట్టిన ముగ్గురు

హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో మా తెలుగు సంఘానికి అధ్యక్షుడున్నాడు, కార్యదర్శి ఉన్నాడు, కోశాధికారి ఉన్నాడు. రెండేళ్ళకోసారి ఖుర్సీపార్‌లోని సంఘం హాల్లో ఎన్నికలు జరుగుతాయి. చేతులెత్తుతారు, చప్పట్లు కొడతారు, గెలిచినవాళ్ళ మెడలో బంతిపూల దండలు వేస్తారు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. అయితే చాలా ఏళ్ళపాటు సంఘాన్ని నడిపింది ఆ దండలు వేయించుకున్నవాళ్ళు కాదు. హాలు వెనక రేకుల షెడ్డులో వంట చేసే ముగ్గురు ఆడవాళ్ళు.

వాళ్ళలో పెద్దావిడని అందరూ పెద్దమ్మ అనేవారు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి వచ్చిన మనిషి. భర్త ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. రెండో ఆమె విజయనగరం అత్త. మాటలు తక్కువ. ఏ గిన్నెలోనైనా ఉప్పు ఆమె చేత్తోనే పడాలి. మూడో ఆమె రైలు పిన్ని. తండ్రీ, భర్తా ఇద్దరూ రైల్వేలో చేశారు. చరోదా రైల్వే కాలనీ నుంచి ఆటోలో వచ్చేది, దిగుతూనే మాట్లాడుతూ దిగేది. ఈ ముగ్గురినీ ఎవరూ ఎన్నుకోలేదు. ఎవరూ వద్దననూ లేదు. నేను కాలేజీలో చేరేనాటికే వాళ్ళు పొయ్యిల దగ్గర ఉన్నారు.

ఏటా ఎండాకాలంలో మావాళ్ళు అమ్మవారి పండగ చేస్తారు. ఆ రోజు మధ్యాహ్నం ఖుర్సీపార్ నుంచీ, టౌన్‌షిప్ సెక్టర్ల నుంచీ, రిసాలి నుంచీ తెలుగువాళ్ళంతా వచ్చి భోంచేస్తారు. తెల్లవారేసరికే షెడ్డులో మూడు పెద్ద పొయ్యిలు వెలుగుతూ ఉండేవి. పొయ్యిల దగ్గర ఆ ముగ్గురు. వాళ్ళకి కాస్త వెనగ్గా కొబ్బరి కోరేవాళ్ళు, ఆవ రుబ్బేవాళ్ళు. గుమ్మం దగ్గర కూరలు తరిగేవాళ్ళు. బయట పంపు దగ్గర బియ్యం కడిగేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పేవారు కాదు. అందరికీ తెలుసు.

మా అమ్మ జీవితమంతా ఆ గుమ్మం దగ్గరే కూర్చుని ఆనపకాయలు తరిగింది. అప్పుడు మేం సెక్టర్ 2లో క్వార్టరులో ఉండేవాళ్ళం. అమ్మ ఇంట్లో దప్పళం పెడితే మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఆగి వాసన చూసేవారు. ఒకసారి అడిగాను, "నువ్వెందుకు పొయ్యి దగ్గరికెళ్ళవమ్మా?" అని. అమ్మకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "నాకేటి పని? ఆళ్ళు చేస్తన్నారు కదా" అంది.

వాళ్ళు చేస్తున్నది వంట ఒక్కటే అయితే ఇది చెప్పుకోవాల్సినంత సంగతి కాదు. వనభోజనాలు ఏ ఆదివారం పెట్టుకోవాలి, హాలుకి ఏ రంగు వెయ్యాలి, ఉగాదికి పిల్లల చేత ఏ నాటకం వేయించాలి, ఎవరింటి అబ్బాయికి ఎవరింటి అమ్మాయి సంబంధం అడగాలి, అన్నీ ఆ షెడ్డులోనే తేలేవి. హాల్లో సమావేశం అయ్యాక అధ్యక్షుడు చెప్పులు విడిచి షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు.

"అమ్మా, కార్తీకంలో రెండో ఆదివారం అనుకున్నాం. బస్సు మాటాడీమంటారా మరి?"

పెద్దమ్మ గిన్నెలోంచి తల ఎత్తకుండా "రెండోదా?" అనేది. రైలు పిన్ని విజయనగరం అత్త వైపు చూసేది. విజయనగరం అత్త ఏమీ అనేది కాదు. అంతే. అధ్యక్షుడు వెనక్కి వెళ్ళి మూడో ఆదివారం అని చెప్పేవాడు. వాళ్ళు గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఎవర్నీ బెదిరించలేదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. ఊరికే అలా జరిగిపోయేది.

నేను టౌన్‌షిప్‌లో ఒక స్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. పాఠం హిందీలోనే. ప్రభుత్వాలు ఎన్ని రకాలు అనే పాఠంలో ఒక్కడు ఏలితే రాజరికం, అందరూ కలిసి ఏలుకుంటే ప్రజాస్వామ్యం, కొద్దిమంది ఏలితే అల్పతంత్ర్ అని బోర్డు మీద రాస్తాను. ఆ కొద్దిమంది చేతిలో మిగతావాళ్ళ దగ్గర లేనిదేదో ఉంటుందని చెబుతాను. భూమి కావచ్చు, కత్తి కావచ్చు, పుట్టుక కావచ్చు, మంత్రం కావచ్చు. ఒక ఏడాది ఈ పాఠం చెప్పి స్కూటీ మీద రిసాలిలో మా ఇంటికి వెళుతుంటే మా షెడ్డు గుర్తొచ్చింది. మా షెడ్డులోని ముగ్గురి చేతిలో ఉన్నది రుచి. వందలమందికి ఒక్కసారిగా వండి, చివరి పంక్తిలో కూర్చున్నవాడికి కూడా మొదటివాడు తిన్న రుచే అందించగలగడం వాళ్ళకి తప్ప ఎవరికీ రాదని అందరమూ నమ్మాం. నిజంగా రాదో, ఎప్పుడూ చెయ్యనివ్వలేదు కాబట్టి రాలేదో ఎవరూ ఆలోచించలేదు. ఇంటికెళ్ళి మావారికి చెబితే నవ్వి, "ఆ మాట పెద్దమ్మతో అనకు, ఈసారి మనకి పులిహోర రాదు" అన్నారు.

అలాంటి రోజుల్లో దుర్గ్ కోడలు వచ్చింది.

ఆమె ఖుర్సీపార్‌లోని ఒక తెలుగు ఇంటి కోడలు. పుట్టింది దుర్గ్ అవతల ఒక పల్లెలో, ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఇంట్లో. దుర్గ్ మాకు ఆటో దూరమే, అయినా మావాళ్ళు ఆమెని ఎక్కడో దూరదేశం నుంచి తెచ్చుకున్నట్టుగా దుర్గ్ కోడలు, దుర్గ్ కోడలు అనేవారు. అబ్బాయీ, అమ్మాయీ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. అత్తగారు మొదట అలిగినా, తర్వాత ఆమెని కూర్చోబెట్టి తెలుగు నేర్పింది. అందుకని ఆమె తెలుగు సగం అత్తగారి విజయనగరం యాసలో, సగం హిందీలో ఉంటుంది. మా పిల్లలకంటే అదే నయం. మా అమ్మాయి నాతో తెలుగులో మాట్లాడాలంటే ముందు హిందీలో ఆలోచించుకుంటుంది.

మొదటి పండగకి దుర్గ్ కోడలు షెడ్డులోకి వచ్చి, "నేను ఏటి చెయ్యాలి?" అని అడిగింది. పెద్దమ్మ ఆమెని పైనుంచి కిందకి చూసి, "కొత్తిమీర కొయ్యమ్మా" అంది.

కొత్తిమీర కోయడానికి చోటు షెడ్డులో కాదు. బయట గోడ పక్కన. ఆమె అక్కడ గోనెపట్టా వేసుకుని కూర్చుని కట్టలు విప్పి, వేళ్ళు తుంచి, ఆకు ఏరి, సన్నగా తరిగి పళ్ళెం నింపి ఇచ్చింది. మరుసటి ఏడూ అదే. ఆ మరుసటి ఏడూ అదే. ఆమె తర్వాత పెళ్ళై వచ్చిన కోడళ్ళు కొబ్బరి దగ్గరికి, ఆవ దగ్గరికి జరిగారు. ఈమె కొత్తిమీర దగ్గరే ఉండిపోయింది. అన్నేళ్ళూ ముఖం చిట్లించుకోగా నేను చూడలేదు. పళ్ళెం ఇచ్చే వంకతో లోపలికొచ్చి, పొయ్యిల వైపు చూస్తూ ఒక్క నిమిషం నిలబడి వెళ్ళేది.

ఒక పండగనాడు నేను లోపల కొబ్బరి కోరుతున్నాను. ఆమె పళ్ళెం ఇస్తూ, మరుగుతున్న పులుసు వాసన చూసి, "పెద్దమ్మా, బెల్లం ఇంకొంచెం పడాలేమో" అంది. పెద్దమ్మ విననట్టు కలుపుతూనే ఉంది. రైలు పిన్ని మాత్రం, "నీ పని అయిపోనాదా? అయిపోతే పంపు దగ్గరకెళ్ళి గిన్నెలు చూడు" అంది. ఆమె వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర పులుసు కలుపుకున్నాక బెల్లం తక్కువయిందని నాకూ అనిపించింది. చుట్టుపక్కల ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఎన్నికల్లో కార్యదర్శి పదవికి ఎవరూ నిలబడలేదు. పాత కార్యదర్శికి కళ్ళ ఆపరేషను. నేను చెయ్యెత్తాను. దండ నా మెడలో పడింది. ఆడమనిషి కార్యదర్శి కావడం అదే మొదటిసారి అని అధ్యక్షుడు మైకులో చెప్పి సంతోషించాడు. నాలుగు నెలలు తిరిగేసరికి కార్యదర్శి అంటే ఏమిటో తెలిసింది. కుర్చీలు అద్దెకి తెప్పించడం, కరెంటు పోతే ఫోన్ చెయ్యడం, షెడ్డు గుమ్మం దగ్గర నిలబడటం.

పండగ ముందు జరిగిన సర్వసభ్య సమావేశంలో నేను ఒక తీర్మానం పెట్టాను. ఈ ఏడు నుంచి వంట బయటివాళ్ళకి అప్పగిద్దాం అని. మైకు పట్టుకుని ఉన్నమాటే చెప్పాను. "ఎండలు చూస్తున్నారు. పెద్దవాళ్ళకి వయసు మీద పడుతోంది. అదొక్కటే కాదు. పని యాభైమంది చేస్తున్నాం, ఏది ఎలా ఉండాలో ముగ్గురు నిర్ణయిస్తున్నారు. వాళ్ళమీద నాకు గౌరవమే. కానీ కొందరు ఎన్నేళ్ళు పనిచేసినా గుమ్మం దాటి లోపలికి రాలేకపోతున్నారు. ఇది బాగాలేదు."

ఆ రోజు ఆ ముగ్గురూ హాల్లోకి వచ్చి కూర్చున్నారు. సమావేశాలకి వాళ్ళు ఎప్పుడూ వచ్చేవారు కాదు. ఎవరో ముందే చెప్పి ఉంటారు. వెనక వరసలో, గోడకి ఆనుకుని. నేను మాట్లాడుతుంటే జనం నావైపు చూడటం మానేసి వాళ్ళవైపు తిరిగి చూస్తున్నారు. ఓటింగు పెట్టేసరికి ఒక్క చెయ్యి లేవలేదు. తీర్మానం పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు పెద్దమ్మ చెయ్యెత్తింది. అనుకూలంగా.

రైలు పిన్ని ఆమెవైపు అదోలా చూసి, తనూ ఎత్తింది. ఆ తర్వాత హాలంతా చేతులే. విజయనగరం అత్త ఒక్కతే ఎత్తలేదు. లేచి, వెనక తలుపులోంచి షెడ్డులోకి వెళ్ళి, అక్కడ గూట్లో ఉండే తన ఉప్పు డబ్బా తీసుకుని చీర కొంగు కింద పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. నా తీర్మానం నెగ్గింది. అయితే అది కూడా పెద్దమ్మ ఊ అన్నాకే నెగ్గింది. ఇంటికి వెళుతున్నంతసేపూ దాని గురించే ఆలోచించాను.

పండగరోజు పవర్‌హౌస్ బజారు వైపు నుంచి వంటవాళ్ళు వచ్చారు. మంచివాళ్ళు, పని తెలిసినవాళ్ళు. గ్యాస్ పొయ్యిలు వాళ్ళే తెచ్చుకున్నారు. అన్నీ వేళకి అయిపోయాయి. పప్పు బాగుంది, సాంబారు హోటల్లో సాంబారులా ఉంది, లడ్డూ కూడా పెట్టారు. భోజనం బాగోలేదని ఒక్కరూ అనలేదు. ఆడవాళ్ళంతా పట్టుచీరల్లో వచ్చి ఫ్యాన్ల కింద కుర్చీల్లో కూర్చున్నారు. కాసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుని ఫోన్లు చూసుకున్నారు. మామూలుగా అయితే అందరూ సాయంత్రం దాకా ఉండేవారు. మిగిలినవి గిన్నెల్లో సర్దుకుంటూ, ఎవరి మొగుడు తాగుతున్నాడో, ఎవరి పిల్లాడికి ఉద్యోగం లేదో, ఎవరికి ఒంట్లో బాగోలేదో ఆ షెడ్డులోనే చెప్పుకునేవారు. ఆ రోజు తిని చేతులు కడుక్కున్నవాళ్ళు అలాగే వెళ్ళిపోయారు. మధ్యాహ్నం ఇంకా ఎండ దిగకుండానే హాలు ఖాళీ.

దుర్గ్ కోడలు మాత్రం పాత నూలుచీరలో వచ్చింది. చేతిలో గుడ్డసంచీ, అందులో కత్తిపీట. షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి వంటవాళ్ళని చూస్తోంది. వంట బయటికిచ్చామని ఆమెకి తెలుసు, అయినా వచ్చింది. నేను సంతోషంగా దగ్గరికి వెళ్ళి, "ఇవాళ నీకు కొత్తిమీర గొడవ లేదు. హాయిగా కూర్చో" అన్నాను.

ఆమె నావైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు.

"దీదీ, నన్ను ఒక్క మాట అడిగినారా?"

"ఏమయింది?"

"మేరీ బారీ థీ దీదీ. ఈ ఏడు నా వంతు. పోయినేడు పండగ అయినాక పెద్దమ్మ పిలిచి చెప్పింది, వచ్చే ఏడు దప్పళం నువ్వే పెట్టాలి అని. ఎనిమిదేళ్ళు గోడ పక్కన కూకున్నాను. ఏడాదంతా ఇంట్లో పెద్ద గిన్నెలో పెట్టి చూసుకున్నాను. మా అత్తకి చెప్పేను, మా అమ్మకి చెప్పేను. అమ్మ ఊరినించి తినడానికి వచ్చింది ఇవాళ."

హాల్లో చివరి వరసలో ముదురు ఎరుపు చీర కట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా, చుట్టూ ఉన్న తెలుగు వింటోంది. ఆవిడే.

ఈ అమ్మాయి కోసమే కదా నేను తీర్మానం పెట్టింది. ఆమెని గోడ పక్కనుంచి లేపాలనే కదా. "మరి సమావేశంలో ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"అంతమంది ముందా? నేను దుర్గ్ కోడల్ని. నేను మాటాడితే ఎవరు వింటారు?" అంది. కత్తిపీట సంచీ భుజానికి తగిలించుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

ఆ తర్వాత ఆదివారం పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఖుర్సీపార్ సందులో రెండు గదుల ఇల్లు. ఆవిడ మంచం మీద కాళ్ళు చాపుకుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. పక్కన రేడియోలో ఏదో హిందీ పాట.

"ఏటమ్మడూ, ఇంత ఎండలో వచ్చినావు? కూకో."

నేను కూర్చుని, "మీరెందుకు చెయ్యెత్తారు?" అని అడిగాను.

"ఇంకేటి సెయ్యను? ఈ మోకాళ్ళు సూడు. రెండేళ్ళ నించి పొయ్యి కాడ నిలబడలేకపోతన్నాను. ఎవులూ అడగనేదు. అందరూ నన్ను సూసి బయపడతారు గానీ, పెద్దమ్మా నీకు సేతనవుతుందా అని ఒక్క గుంటా అడగనేదు. నివ్వు మైకులో అన్నావు కదా, వయసు మీద పడిందని. ఆ మాట ఇన్నాక పేనం లేసొచ్చింది."

"మరి మీరే మానేస్తానని చెప్పొచ్చు కదా?"

పెద్దమ్మ ఆలోచించింది. "ఎలగ సెప్తాం? నాను మానేస్తే ఇజినారం దానికి కోపం. అది మానేస్తే రైలుదానికి బెంగ. ముగ్గురం ఒకల్ని సూసి ఒకలం ఉండిపోనాం."

నేను దుర్గ్ కోడలి సంగతి ఎత్తాను. ఎనిమిదేళ్ళు గోడ పక్కన ఎందుకు కూర్చోబెట్టారని అడిగాను. తనూ పెళ్ళయిన కొత్తలో పంపు దగ్గర గిన్నెలు తోమానని, అక్కడినుంచే లోపలికి వచ్చానని చెప్పింది. "అది సరే పెద్దమ్మా. మిగతా కోడళ్ళు రెండో ఏడే లోపలికి వచ్చారు. ఆమె ఒక్కతే బయట ఉంది" అన్నాను.

ఆవిడ నూనె సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

"మనది కాదని ఒగ్గేసినాను. అబద్దమెందుకు? దాని సెయ్యి పడితే ఎవులేటి అంటారో అని. అదేటీ అడగలేదు, నానేటీ సెప్పనేదు. పోయినేడు నాకు జరం వచ్చి పడుకున్నపుడు రోజూ పులుసు పెట్టి తెచ్చేది. మా కోడలు కూడా అలగ తేలేదు. అది తిన్నాక అనిపించింది, ఇన్నేళ్ళూ ఇలాంటి సేతిని బయట కూకోబెట్టీసేనని. అందుకే పిలిచి సెప్పేను. సెయ్యెత్తినపుడు ఆ మాటే తలపుకి రానేదు."

"ఇప్పుడేం చేద్దాం?"

"కార్యదర్శివి నివ్వు. నన్నడుగుతావేటి?" అంది, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అక్కణ్ణుంచి విజయనగరం అత్త ఇంటికీ వెళ్ళాను. ఆవిడ నాకు మంచినీళ్ళు ఇచ్చింది. కూర్చోమంది. నేను చెప్పిందంతా విన్నది. లేచి వచ్చేటప్పుడు మాత్రం, "నా మాటకేం గానీ, తలుపు దగ్గరకేసి వెళ్ళు, ఈగలొస్తాయి" అంది. మళ్ళీ ఆవిడ షెడ్డులో అడుగు పెట్టలేదు. ఇప్పుడు కొడుకు దగ్గర మా రిసాలిలోనే ఉంటుంది. బజారులో కనిపిస్తే టమాటాల గురించీ వానల గురించీ మాట్లాడుతుంది. వంట మాట ఎత్తదు, నేనూ ఎత్తను. ఆ పొయ్యి దగ్గర నిలబడటం ఆవిడకి అధికారం కాదేమో, ఇల్లు దాటి వచ్చి చేసే ఒకే ఒక్క పని అదేమో అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు నేను అలా చూడలేదు.

తర్వాతి సమావేశంలో ఇంకో తీర్మానం పెట్టాను. అన్నం, పప్పు వంటవాళ్ళే చేస్తారు. పులుసు, కూర, పచ్చడి మనం చేసుకుందాం. ఎవరు చెయ్యాలనుకుంటే వాళ్ళు పేరు చెప్పాలి. ఒకసారి పొయ్యి దగ్గర నిలబడినవాళ్ళు రెండు పండగలు చేసి తప్పుకోవాలి. ఈసారి ముందుగానే ఇంటింటికీ తిరిగి అందర్నీ అడిగాను. అందరూ బాగుందన్నారు.

"ఎవరు చేస్తారు?" అని మైకులో అడిగాను. ఇన్నేళ్ళుగా గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళు, తమకి అవకాశం రాలేదని నాతో చెప్పుకున్నవాళ్ళు, అందరూ చీర కుచ్చెళ్ళు సర్దుకుంటున్నారు. అంతమందికి వండాలంటే భయం. పాడైతే మాట పడాలి. చివరికి దుర్గ్ కోడలు లేచి నిలబడింది. ఆమెని చూసి రైలు పిన్ని, "సరే, దానికి తోడు నేనుంటాను, సిగ్నల్ తప్పితే నేనున్నాను కదా" అంది. సెక్టర్ 2 నుంచి వచ్చే ఒక ఆస్పత్రి నర్సు మూడో చెయ్యెత్తింది. మళ్ళీ ముగ్గురే. నేను పాఠంలో చెప్పేదానికీ ఇక్కడ జరిగినదానికీ పొంతన కుదరలేదు. అవకాశం అందరికీ ఇచ్చాం, ముందుకొచ్చింది కొద్దిమందే.

అయినా ఒక తేడా ఉంది. ఆ ఏడు పండగకి అధ్యక్షుడు అలవాటు ప్రకారం చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. దుర్గ్ కోడలు గరిట ఊపి, "లోపలికి రండి భయ్యా. ఊరికే నిలబడితే ఏటి లాభం? ఆ ఆనపకాయలు చెక్కండి" అంది. పాపం, ఆయన చుట్టూ చూసి కూర్చున్నాడు. చెక్కడం రాదు. తొక్కతోపాటు సగం కాయ పోయింది. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. పెద్దమ్మ గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ దృశ్యం చూసి చాలాసేపు నవ్వింది.

దప్పళంలో దుర్గ్ కోడలు కంద వేసింది. కంద వాళ్ళ పుట్టింట్లోనూ వండుతారట, పుల్లటి మజ్జిగతో. ఇక్కడ చింతపండు పోసి, బెల్లం వేసి, దింపే ముందు నువ్వులపొడి చల్లింది. గరిటెడు గిన్నెలో వేసి ముందు పెద్దమ్మకి తెచ్చి ఇచ్చింది. ఆవిడ ఊదుకుని ఊదుకుని తాగి, "ఇంకొంచెం ఉప్పు" అంది. దుర్గ్ కోడలు తనూ రుచి చూసుకుని, "లేదు పెద్దమ్మా, సరిపోయింది" అంది. ఉప్పు వెయ్యలేదు. వాళ్ళమ్మ ఆ ఏడు కూడా వచ్చింది. రెండుసార్లు పులుసు పోయించుకుని తిన్నది. సాయంత్రం అందరూ షెడ్డులోనే ఉన్నారు.

రెండు పండగలు అయ్యాయి. మూడో ఏడు తప్పుకోవాల్సి వచ్చేసరికి దుర్గ్ కోడలికి కష్టమయింది. ఆ నియమానికి సమావేశంలో అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆమే. "అప్పుడు ఎత్తేను దీదీ. అప్పుడు నాకేటి తెలుసు? ఇప్పుడే చెయ్యి కుదిరింది. కొత్తవాళ్ళకి ఇస్తే మళ్ళీ మొదట్నుంచీ" అంది మా ఇంటికి వచ్చి. ఆమె మాటలో నిజం లేకపోలేదు. ఆ రెండేళ్ళలో షెడ్డులో ఆమె మాటే చెల్లుతోంది. నూనె ఎంత, మంట ఎంత, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, అన్నీ ఆమే చెబుతోంది. బాగానే చెబుతోంది కూడా. ఆమె గరిట దింపితే వంట కొంత తగ్గుతుందని నాకూ తెలుసు.

"కొంచెం తగ్గితే తగ్గనీ. గోడ పక్కన ఇప్పుడు ఎవరు కూర్చున్నారో చూశావా?" అన్నాను.

ఆమెకి ఆ సంగతి తట్టనే లేదు. మహాసముంద్ నుంచి ఉద్యోగం మీద వచ్చిన ఒక ఒడియా ఇంటి అమ్మాయి, ఇప్పుడు ఒక తెలుగింటి కోడలు, రెండేళ్ళుగా కొత్తిమీర కోస్తోంది. దుర్గ్ కోడలు కప్పులోకి చూస్తూ కూర్చుంది. టీ చల్లారిపోయింది. తాగకుండానే లేచి వెళ్ళింది. ఉగాదికి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇక నాతో మాట్లాడదేమో అనుకున్నాను.

పండగరోజు తెల్లవారుతూనే వచ్చింది. గుమ్మం దగ్గర కత్తిపీట వేసుకుని ఆనపకాయల రాశి ముందు కూర్చుంది. ఆ ఒడియా అమ్మాయి పొయ్యి దగ్గర బెరుగ్గా నిలబడి వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది. దుర్గ్ కోడలు మొదట పట్టించుకోనట్టు తరిగింది. తర్వాత ఆగలేక, "మంట తగ్గించు, అడుగంటుతుంది" అని గట్టిగా అంది. ఆ తర్వాత నా వైపు చూసి, "చెప్పడం కూడా తప్పేనా?" అంది. తప్పు కాదన్నాను. ఆ ఏడు దప్పళం కొద్దిగా అడుగంటింది. జనం తిన్నారు.

ఇప్పుడు నేను కార్యదర్శిని కాను. పెద్దమ్మ విశాఖలో మోకాళ్ళ ఆపరేషను చేయించుకుని వచ్చింది. ఇప్పుడు సందు చివరిదాకా నడుస్తోంది. రైలు పిన్ని నియమం ప్రకారం తప్పుకుంది గానీ, షెడ్డులోనే ఎక్కడో ఒకచోట కూర్చుని మాట్లాడుతూ ఉంటుంది. ఈ ఏడు పొయ్యి దగ్గర ఎవరుంటారో ఇంకా తేలలేదు. ఇద్దరు పేర్లిచ్చారట, మూడో మనిషి కోసం అడుగుతున్నారట. మా అమ్మాయి వంట నేర్చుకుంటానంటోంది, పేరివ్వాలా వద్దా అని హిందీలో నన్నడిగింది. నీ ఇష్టం అన్నాను. ఆదివారం మధ్యాహ్నం సమావేశం ఉంది, ఇద్దరం వెళుతున్నాం.